అరవై ఏడు చీటీలు

బడి తెరవడానికి ఇంకా రెండు రోజులు.
కోసిగి స్టేషన్ వైపు కిటికీ తీసి
నాలుగో తరగతిని నేల మీద పరిచాను.
అరవై ఏడు చీటీలు,
పాత పరీక్ష పేపర్లు కత్తిరించినవి.
ఏ పేరు తిరగేసినా వెనక
ఎవరిదో సగం కూడిక, ఎవరిదో సగం ఆవు.

హెడ్మాస్టరు శరభయ్య సారు చెప్పి పోయినాడు:
"రెండు సెక్షన్లు చెయ్యి తల్లీ,
తక్కెడ సమంగా ఉండాల.
పోయినేడు మాదిరి
ఒక గదిలో అందరూ చదివేటోళ్ళు,
ఇంకో గదిలో అందరూ గోడలు చూసేటోళ్ళు
కాగూడదు."

పోయినేడు అట్లా చేసింది నేనే.
మార్కుల వరస మధ్యన స్కేలు పెట్టి
పైన ఏ, కింద బి అన్నాను.
దసరా సెలవుల నాటికి బి పిల్లలు
తమ గదికి తామే పేరు పెట్టుకున్నారు, మొద్దు గది అని,
నవ్వుతూనే.
ఆ నవ్వు ఇంకా నా చెవిలో
పలక మీద మేకు గీరినట్టు.

ఈసారి బియ్యంలో రాళ్ళేరినట్టు కాదు,
జొన్నా సజ్జా కలిపి
రెండు చేటల్లో పోసినట్టు.
గడగడా చదివేవాళ్ళు అటొకరు ఇటొకరు.
ఇంట్లో కన్నడం, ఇంట్లో ఉర్దూ,
గడప దాటాక నా తెలుగులోకి మెట్లు దిగేవాళ్ళు,
ఎవరూ ఒంటరి కాకుండా జతలు జతలుగా.
పెద్ద ఈరన్ననీ చిన్న ఈరన్ననీ విడదీశాను,
ఒక గదిలో ఉంటే పేరు పిలిచిన ప్రతిసారీ తన్నులాట.
గిడ్డయ్యను కిటికీ లేని గదికి రాసి
మళ్ళీ తీసి కిటికీ పక్కకు మార్చాను.
వాడు ఎక్కాలు నేర్చింది
గూడ్సు బండి డబ్బాలు లెక్కపెట్టి.

సుగ్గికి పోయేవాళ్ళ చీటీలకు మూల మడిచాను.
ఇరవై రెండు.
మిరపకోతకని గుంటూరు దిక్కు లారీ ఎక్కితే
మళ్ళీ ఎండలు ముదిరినాకే.
పదకొండు ఇటు, పదకొండు అటు.
ఖాళీని కూడా సమంగా పంచాను.

అంతలో రాయచూరు ప్యాసింజరు.
ఆ గాలికి ఏ లేదు, బి లేదు,
ఇంటర్వెల్ గంట కొట్టినట్టు
అందరూ అందరిలో కలిసిపోయారు.
కాసేపు ఏరబుద్ధి కాలేదు.

మళ్ళీ మొదటినుంచి పేర్చితే
చివరకు రెండు మిగిలాయి.
మాబున్ని. ఉరుకుందమ్మ.

మాబున్ని మూడేళ్ళుగా బడిలో పెదవి విప్పలేదు.
ఇంట్లో వసపిట్టేనని వాళ్ళమ్మ ఒట్టేసి చెబుతుంది.
బడిలో ఆ పిల్ల మాటలన్నీ
ఉరుకుందమ్మ దగ్గర దాపు.
"దానికి దప్పికైతాంది టీచర్."
"ఆ లెక్క దానికొచ్చు టీచర్, చెప్పదంతే."
నీకెట్లా తెలుసే అంటే
తల గోక్కుని, "తెలుస్తాది" అంటుంది.

విడదీస్తేనే గొంతు వస్తుందంటాడు జయన్న సారు.
ఉన్న గొంతూ పోతుందేమోనని నేను.
ఇటు ఒక మెతక పిల్ల తక్కువ,
అటు ఒక గట్టి పిల్ల తక్కువ.
అరగంట కూర్చుని
చివరకు అంకెల మాటే విన్నాను.
ఏ, ఉరుకుందమ్మ.
బి, మాబున్ని.

బడి తెరిచిన పొద్దున
బి సెక్షన్ హాజరు పిలుస్తున్నాను.
రెండు గదుల నడుమ గోడ లేదు,
తుప్పు పట్టిన బీరువాలే అడ్డం.
"మాబున్ని."
బల్ల మీద గోటితో గీస్తూ ఉంది.
"మాబున్నీ..."
బీరువాల అవతల
జయన్న సారు పద్యం నడుమ
లేచి నిలబడ్డ గొంతు:
"వచ్చింది టీచర్!"

రెండు గదులూ ఒకటే నవ్వు.
మాబున్ని నవ్వలేదు,
బల్ల కింద కాళ్ళు మాత్రం ఊపింది.
నేను హాజరు వేశాను.

చీటీలు ఇంకా పారెయ్యలేదు,
సుద్దల డబ్బాలో ఉన్నాయి.
మాబున్ని చీటీకి
మూల మడిచి ఉంది.