పనస పిడి

బల్ల మీద పాత పేపరు పరిచి
రెండిటినీ పక్కపక్కన పడుకోబెట్టాను.
ఒకే కంపెనీ, ఒకే నమూనా, ఒకే కొలత గొట్టం.
చూసినవాళ్లు కవలలంటారు.
కవలల తల్లినడగండి, నవ్వుతుంది.

ఉల్లివీధిలో గడియారాలు బాగుచేసే సన్యాసయ్య
చూపు ఆనక కొట్టు మూసేసినప్పుడు
నాకిచ్చిన భూతద్దం ఇది.
కనుబొమకీ చెంపకీ మధ్య బిగిస్తే
లోకం వేలిగోరంత అవుతుంది.

మొదటిదాని మరతలల మీద గాడి సన్నం,
రెండోదానికి కాస్త వెడల్పు.
మొదటిదాని ట్రిగ్గరు పోతపోసింది, బరువు.
రెండోది రేకు వంచి చేసింది.
అంటే ఈ రెంటి మధ్యా ఎప్పుడో
ఫ్యాక్టరీలో లెక్కలవాడొకడు
నాలుగు పైసలు మిగిల్చాడన్నమాట.
నంబర్లో ఐదుకి పొట్ట పగిలింది.
అచ్చు అరిగిపోయిన ఏడాది సరుకు.
లోపల వాషరు తోలుది. తర్వాతివాటికి రబ్బరు.
తోలుదైతే రెండు చుక్కల నూనె తాగి
రాత్రంతా నానాలి,
పొద్దున్న ముసలాళ్లలా కాస్త దగ్గి
అప్పుడు గాలి పడుతుంది.

నా నోటుబుక్కులో గళ్లు గీసి ఉంటాయి:
నంబరు, మర, పూత, పిడి, స్ప్రింగు చుట్లు.
ఇరవై రెండేళ్లుగా నింపుతున్నాను.
రైల్వేలో సిగ్నల్ ఫిట్టరుగా చేసినవాడికి
వెంట్రుకవాసి తేడా వదిలేస్తే
ఏమవుతుందో ఒకరు చెప్పక్కర్లేదు.
మా ఆవిడ మాత్రం
"తుపాకీలకి జాతకాలు రాస్తున్నారు" అంటుంది.

మూడోది సిరిమాను మర్నాడు దొరికింది.
మూడు లాంతర్ల దగ్గర బుడగల కొట్టు విప్పుకుంటూ
గేదెల అసిరితల్లి అమ్మేసింది.
"పేలదు బావూ. ఇనప సామాను రేటుకి అట్టుకుపో."
నంబరు అరిగిపోయింది. పూత లేదు.
పిడి కంపెనీది కాదు.
నల్లటి బేకలైటు ఉండాల్సిన చోట
పసుపు తిరిగిన కర్ర.
'అసలుది కాదు' అని గడిలో రాసుకుని
అనుకున్న ధరలో సగం కోసేశాను.
ఆవిడ బేరమాడలేదు.

రాత్రి మరలు విప్పితే
కర్రకీ ఇనుముకీ సందుల్లో నల్లటి మైనం.
గోటితో గీరితే దీపం మసి వాసన,
దాని కింద తేనెపట్టు వాసన.
దీన్ని ఎక్కడో చూశాను. ఎక్కడ?
బొబ్బిలి బస్సెక్కాక గుర్తొచ్చింది.
కాదు, గుర్తొచ్చాకే ఎక్కాను.

గొల్లపల్లిలో లక్కోజు వీర్రాజు
ఆ నల్ల మైనంలోనే
వీణ మెట్లు దించుతున్నాడు.
నా నోటుబుక్కు చూడలేదు, భూతద్దం వద్దన్నాడు.
పిడిని చెవి దగ్గర పెట్టుకుని
వేలి కణుపుతో రెండుసార్లు తట్టాడు.
"పనస. వీణ కుండకి కోసిన మొద్దులో మిగిలిన ముక్క.
మా పెదనాన్న సెక్కింది."
"ఎలా చెప్పగలరు?"
"పొర అడ్డం తిప్పీసేడు, సూడు. ఆయనకదే జబ్బు."
కుడిచేత పట్టి చూసి, తల అడ్డంగా ఊపి,
ఎడమచేతికి మార్చాడు. సరిగ్గా కూర్చుంది.
"ఎడంసేతోల్లకి సేసేడు."

నెల్లిమర్ల జూట్ మిల్లు వెనక
అసిరితల్లి పాత బుడగలకి అతుకులు వేస్తోంది.
"మా యమ్మదే అది. ఎడంసెయ్యి దానిది.
గురి ఎలాగో సూపించమంటారు కదా జనం,
కుడిసేత్తో పేలిస్తే తప్పీది, నవ్వీవోరు.
బొబ్బిలి నించొచ్చిన ఆయనెవరో సూసి
జాతరలోనే అట్టుకెల్లిపోయి
వారానికి తెచ్చిచ్చేడంట.
డబ్బులొద్దన్నాడంట.
రెండు బుడగలు పేల్చుకుని పోయేడంట."

కోసేసిన సగం ధరా చేతిలో పెడితే
ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుంది.
పిస్టలు కూడా ఇవ్వబోయాను.
"నాకెందుకు బావూ, నాది కుడిసెయ్యి."

'అసలుది కాదు' మీద గీత కొట్టాను.
ఆ పక్కన ఏం రాయాలో తెలీలేదు.
మర గాడికి గడి ఉంది, పగిలిన ఐదుకి ఉంది,
పట్టుకున్న చేతికి లేదు.

కొత్త తోలు వాషరు వేసి
సాయంత్రం డాబా మీద
పిట్టగోడ పక్కన పౌడరు డబ్బా నిలబెట్టి
ఎడమచేత్తో పేల్చాను.
డబ్బా కదల్లేదు. గోడ సున్నం రాలింది.
కిందనుంచి మా ఆవిడ "ఏమైంది?" అంది.
ఏం లేదన్నాను.
ఇంకో సీసం గుండు వెతుక్కుంటున్నాను,
కుడిచేత్తో.