ఎడమ మోకాలు

నీళ్లు తగ్గుతున్నాయి.
మంచం మీంచి కనబడదు, చప్పుడు తెలుస్తుంది.
నలభై ఒక్క ఏళ్లు ఆ చప్పుడుకే లేచాను
ఈ గలీసియా ఒడ్డున.
పార, గంప, రబ్బరు బూట్లు,
తడి ఇసుకలో మోకాళ్లూని
వేళ్లు కొయ్యబారేదాకా ఆల్చిప్పలు ఏరేవాళ్లం.
ఇప్పుడూ నాలుగున్నరకి మెలకువైతే వస్తోంది.
కాలు రానంటోంది.

ఆపరేషనై తొమ్మిదో రోజు.
ముప్పై ఒక్క పిన్నులు, లెక్కపెట్టాను,
తొడ నుంచి కిందికి రైలుపట్టాలా.
లోపల ఏదో లోహం, ఏదో ప్లాస్టిక్కు.
చిప్ప మాత్రం నాదే ఉంచారట.
తీసేసిన ఎముక ఇమ్మన్నాను.
"ఏం చేసుకుంటావమ్మా?" అన్నాడు డాక్టరు.
ఏం చేసుకుంటాను, చూస్తాను.
ఇన్నాళ్లూ నన్ను మోసినదాని మొహం
ఒక్కసారైనా చూడొద్దా?

చిన్నప్పుడు మా అమ్మ తిట్టేది,
"ఒబ్దూలియా, నీ బుర్ర మోకాల్లో ఉందే!" అని.
మరైతే అదీ పోయిందేమో
ఆస్పత్రి చెత్తబుట్టలోకి.

రాత్రంతా వెల్లకిలా.
పక్కకి ఒత్తిగిలాలంటే ఎలాదియోని లేపాలి.
పొట్టలో సూది గుచ్చేటప్పుడు
నాకంటే ముందు తనే కళ్లు మూసుకుంటాడు.
మరుగుదొడ్డికి పదకొండు అడుగులు.
వాకరు ముందు, తర్వాత అది, ఆ తర్వాత నేను.
'అది' అనే అంటున్నా ఇంకా.
గాటుకి బయటవైపు అరచేతి మేర స్పర్శ లేదు.
అక్కడ తడుముకుంటే
బస్సులో పక్కావిడ కాలికి
పొరపాటున చెయ్యి తగిలినట్టుంటుంది.

మంగళవారం, శుక్రవారం బ్రాయిస్ వస్తాడు.
పాతికేళ్లుండవు, చేతిలో ప్లాస్టిక్ కోణమానిని.
మడవమంటాడు. ఇంకొంచెం అంటాడు.
ఆ ఇంకొంచెంలో ఎంత దూరముందో
వాడికేం తెలుసు.
డెబ్బై ఆరు.
తొంభై కావాలట, కుర్చీకి, మెట్లకి, కారెక్కడానికి.
"ఇసుకలో మోకాళ్లూనాలంటే ఎంత?" అడిగాను.
సంచి సర్దుకున్నాడు.

నిన్న మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు.
ఎర్మిందా. ఎలాదియో అక్క.
పదకొండేళ్లుగా మాటల్లేవు.
వాళ్లమ్మ పోయాక ముప్పై బారల ఇసుక పంపకంలో
మోకాలడ్డింది తను.
నేనంటుంది తను.
గుమ్మంలోనే నిలబడి సంచి చాపింది,
గడ్డకట్టిన ఆల్చిప్పలు, రెండు కిలోలు.
"తినడానిక్కాదు," అంది.
"బఠాణీల సంచి గంటకే కరిగిపోతుంది. ఇవి నిలబడతాయి."
ఏ ఇసుకలోవో అడగలేదు.
ఇద్దరికీ తెలుసు.

తువ్వాలు చుట్టి తనే పెట్టింది,
చిప్ప మీద చిప్పలు.
సంచిలో చిన్నగా గలగల.
నీళ్లు తీసిన వేళ, ఇసుక అడుగున,
జానెడు లోతులో వేళ్లకి తగిలే చలి,
అచ్చం అదే.
కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పికే అన్నాను.
"అవును, నొప్పికే," అంది.

వెళ్లబోతూ నా బిగుతు మేజోడు జారడం చూసింది.
అడక్కుండానే నేల మీద మోకాళ్లూని
మడమ దగ్గర్నుంచి పైకి లాగింది,
ఓపిగ్గా, ఒక్క ముడతా లేకుండా,
వల సర్దినట్టు.
లేవడానికి మంచం కోడు పట్టుకుంది.
టక్కుమంది.
ఆ చప్పుడు నాకు తెలుసు.
మేకులు కొట్టిన చెక్కపెట్టె మూత ఊడొచ్చినట్టుంటుంది.

"కుడిదా?" అన్నాను.
"రెండూ," అంది, గోడవైపు చూస్తూ.

నాకోసం అద్దెకి తెచ్చిన ఎత్తు కుర్చీ ఒకటుంది.
కాలితో కాదు, వాకరుతో
దాన్ని ఆమె వైపు నెట్టాను.