అయిదో నంబరు

ఒకే అచ్చులోంచి తీశాను ఎనిమిదింటినీ.
కళింగపట్నంలో, ఐస్ ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డులో.
మోచేతుల దాకా ఫైబరు నూగు దిగి
రాత్రంతా గోక్కుంటూ పడుకున్న ఏడాది అది.

అచ్చొకటే, చాపొకటే, చుక్కానొకటే.
గెలిచేది పడవ కాకూడదు, మనిషి కావాలి
అని చెప్పి వెళ్లాడు కొలతల కాగితం తెచ్చిన ఇంజనీరు.
బాగుంది అనుకున్నాను.
అచ్చు ఒకటే గానీ
రోజులన్నీ ఒకటి కావని అతనికెవరు చెబుతారు?

ఒకటో నంబరు మాఘంలో పోశాను. పొడిగాలి.
రెజిను తేనెలా పాకి, మ్యాటు తాగినంత తాగి,
సాయంత్రానికి గోరు దిగనంత గట్టి.
మూడోదానికి తమ్ముడు సిమ్మాచలం రోలరు పట్టాడు.
వాడి చేతికింద గాలిబుడగ బతకదు.
అయిదోది శ్రావణంలో.
ముసురు. కరెంటు లేదు.
రేపు లారీ వస్తాదని కంట్రాక్టరు ఫోను మీద ఫోను.
చాపకొయ్య నిలిచే చోట మూడు పొరలు పడాలి.
రెండే వేశాను.
పైన తెల్లటి జెల్ కోటు, కోడిగుడ్డంత నున్నగా.
నంబరు మాత్రం కుదురుగా రాశాను.

మా అయ్య తెప్ప వేరు.
ఒడ్డుకొస్తే తాళ్లు విప్పి, దుంగకి దుంగ విడదీసి
ఇసకమీద ఆరబెట్టేవాడు.
పుచ్చిన దుంగ పుచ్చినట్టే కనబడేది పేటంతటికీ.
ఫైబరు విప్పుకోదు.
తాగిన నీళ్లు కడుపులోనే దాచుకుంటుంది,
నాలాగే.

ఏడేళ్లు.
తిత్లీకి షెడ్డు రేకులు సరుగుడు తోటలో తేలాయి గానీ
పడవలు ఎనిమిదీ మిగిలాయి.
ఈడ్చి ఈడ్చి అడుగులు అరిగితే మాసిక వేశాను,
పగిలిన అంచుకి కట్టు కట్టాను.
అయిదోదాని కొయ్య మొదట్లో మాత్రం
ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు.

ఆదివారం ఆదివారం పందెం.
లైటుహౌసు ఎదర బోయా చుట్టి, వంశధార మొగ దాకా పోయి రావాలి.
ఏడాదికోసారి చీటీలు తీస్తారు.
ఈసారి సూరాడ యామినికి అయిదు పడింది.
పద్నాలుగేళ్ల గుంట. గాలి మారకముందే మెడ తిప్పుతుంది.
నాలుగో స్థానం. మళ్లీ నాలుగు. మళ్లీ.
"చెయ్యి బరువు నీది" అన్నాడు కోచ్.
ఆ పిల్ల రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది.
నేను పక్కనే చుక్కాని మేకు బిగిస్తున్నాను.
బిగిసిందాన్నే బిగిస్తున్నాను.

ఆ రాత్రి రూపాయి బిళ్లతో కొట్టి చూశాను.
ముక్కు దగ్గర టంగ్. పక్కల టంగ్.
కొయ్య మొదట్లో
బొద్.
బొద్.
నానిన తలుపు లోపల్నించి పలికినట్టు.

తెల్లారి చేపల కాటా తెచ్చి అన్నిటినీ వేలాడదీశాను.
ఒకటికీ మూడుకీ అరకిలో తేడా.
అయిదు, పదకొండు కిలోలు ఎక్కువ.
ఎవరన్నా అడిగితే ఉప్పుగాలి అనొచ్చు,
ఏడేళ్ల పడవ కదా అనొచ్చు.
ఎవరూ అడగలేదు, అదే చిక్కు.
యామిని వచ్చేదాకా ఆగి డెక్కు కోశాను.
గోధుమరంగు నీళ్లు, పుల్లటి కంపు,
ఇద్దరి పాదాల మీంచీ పారాయి.
"నీ చెయ్యి కాదమ్మా, నాది" అన్నాను.
"ఒక పొర ఎగ్గొట్టినాను."

తిడుతుందనుకున్నాను.
కాటా ముల్లు వైపు చాలాసేపు చూసి,
వేళ్ల మీద ఏదో లెక్కేసి,
"అయితే పెదనాన్నా,
పదకొండు కిలోలు మోసుకుంటా
నాను నాలుగోదాన్నేటి?"
అంది. నవ్వుతూ పరిగెత్తింది, బేగి ఎవరికో చెప్పాలని.

నానిన ముక్కంతా కోసేశాను.
గరుకు కాగితం పట్టించి, మూడు పొరలు కత్తిరించుకున్నాను.
మనసాగక నాలుగోది కూడా.
మళ్లీ నాలుగోది తీసి పక్కన పెట్టాను.
మూడంటే మూడే.
ఆకాశం బూడిదరంగులో ఉంది.
ఎప్పటికవుద్దని ఒడ్డునుంచి కోచ్ కేకేశాడు.
ఎండ వచ్చేదాకా
రెజిను డబ్బా మూత తియ్యలేదు.