ఊక తడి

నిన్న నూకలు చల్లితే
నలభై ముక్కులు టకటకమన్నాయి.
ఇవాళ ఒకటి తక్కువని
లెక్కపెట్టక ముందే చెవికి తెలిసింది.

మూల నించుంది
రెక్కలు జారేసి,
పంచాయితీలో పెద్దమనిషిలా కళ్ళు మూసుకుని.
బల్బు కిందకి తోస్తే
మళ్ళీ మూలకే.
చలేమో అనుకున్నాను.

మా అత్త వీరరాఘవమ్మ నన్ను పక్కకి జరిపి
పిల్లని కాదు, దాని కాళ్ళ కింద చూసింది.
గుప్పెడు ఊక తీసి పిండింది.
నీరు.
రెట్టలో కుంకం బొట్టంత ఎరుపు.
"జబ్బు పిల్లలో లేదే, పక్కలో ఉంది."

మూడ్రోజుల ముసురు.
గౌతమి మీంచి కొట్టిన జల్లు
తాటాకు తడికలోంచి ఎప్పుడు దూరిందో,
బల్బు వెలుగుతోంది కదాని
నేను చెయ్యి పెట్టి చూళ్ళేదు.

కోటిపల్లి నుంచి మందు
సాయంత్రం పంటుకి గాని రాలేదు.
ఈలోగా అది మెడ వాల్చేసింది
నా అరచేతిలో, ఇంకా వెచ్చగానే.
మూలకి మరో ఆరు చేరాయి.

పాత ఊక ఎత్తిపోశాం.
అడుగున సున్నం, పైన పొడి ఊక.
మందు కలిపిన నీళ్ళు
ఇంకు ఫిల్లరుతో
ముక్కు అంచున ఒక్కో చుక్క.
"గొంతు కదలాలి. అది చూసి గాని వదలకు."

రాత్రంతా గొంతులు చూశాను,
చిక్కుడు గింజంత గొంతులు.

తెల్లారి నూకలు చల్లి
చెవి ఒగ్గాను.
ముప్పై అయిదో, ఆరో.
ఒకటి మాత్రం
మూలనుంచి రెండడుగులేసి ఆగింది.

అత్త అటు చూడనైనా లేదు.
వంగి
కొత్త ఊక పిడికిట పట్టింది.