అచ్చియ్యమ్మకి ఒక మంచం

పెద్దాసుపత్రి డాక్టరు చీటీ మడిచి నా చేతిలో పెట్టి
"ఇక నొప్పి తెలీకుండా చూసుకోండమ్మా" అన్నాడు.
చూసుకోవడం తెలుసు నాకు.
నొప్పి తెలీకుండా చూడ్డమే తెలీదు.

అందుకని మూడు రోజులు సెలవు పెట్టి
ఊరంతా తిరిగాను,
అద్దెకి గది వెతికినట్టు.

మొదటిది పాండురంగాపురంలో.
అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుంది.
ఫైలు పట్టుకున్న కుర్రాడు ప్యాకేజీలు చెప్పాడు:
వారానికింత, నెలకింత,
సముద్రం వైపు గదైతే ఇంకొంచెం.
"నెల దాటితే తగ్గిస్తారా?" అని అడిగేశాను.
బేరం నా నోటికి అలవాటు.
దేనికి బేరమాడానో
మెట్లు దిగాక గానీ తెలీలేదు.
అక్కడే, చివరి మెట్టు మీద, కాసేపు కూర్చున్నాను.

రెండోది మధురవాడ అవతల, కొండ తొలిచిన చోట.
శుభ్రంగా ఉంది. మరీ శుభ్రంగా ఉంది.
బయటి తిండి తేకూడదు.
చూడ్డానికొచ్చేవాళ్ళు నాలుగు నుంచి ఆరు.
రాత్రి నొప్పొస్తే? అన్నాను.
"పొద్దున్నే డాక్టరుగారొస్తారు."
మా అచ్చియ్యమ్మ నొప్పి నైట్ షిఫ్టు మనిషి బాబూ,
పదింటికి డ్యూటీ ఎక్కి
తెల్లారేదాకా దిగదు.

ఇరవై రెండేళ్ళు ఒకే బల్లకి అటూ ఇటూ నిలబడి
రొయ్యలు ఒలిచాం.
మంచునీళ్ళలో నాని తెల్లబడిపోయి
ఏ వేళ్ళు ఎవరివో తెలిసేది కాదు.
కంపెనీ బస్సులో కిటికీ పక్క తను,
తన భుజం పక్క నేను.
తన మొగుడు చచ్చిపోయాక, నా మొగుడు వెళ్ళిపోయాక
జాలారిపేటలో ఒకే గది, ఒకే కుక్కరు,
రెండు రేషన్ కార్డులు.

మూడోది భీమిలి దారిలో.
తొమ్మిదొందల కె బస్సు దిగి
సరుగుడు తోపు పక్కనుంచి నడిచాను, చెప్పుల్నిండా ఇసక.
పాత పెంకుటిల్లు. పది మంచాలు.
ఒక మంచం కింద పిల్లి.
గోడవార పడుకున్న ముసలాయన కళ్ళు తెరిచి
"ఏట పడ్డాదా?" అన్నాడు నాతో.
పడ్డాది తాతా, అన్నాను.
మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు, ఖాతా సరిపోయినట్టు.

నర్సు పేరు ఎస్తేరురాణి.
రిపోర్టుల సంచీ విప్పబోతే ఆపి
"ఆవిడకి ఏం ఇష్టం, తినడానికి?" అంది.
ఏడాదై ఎవరూ అడగలేదు ఆ మాట.
ఎండు నెత్తళ్ళు, అన్నాను. చింతకాయ వేసి.
ఇప్పుడు ముద్ద దిగదులెండి.
"వాసనైనా చూస్తుంది. తెండి."

మార్ఫిన్ ఉన్న బీరువా చూపించింది.
రాత్రి తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?
నడుముకున్న గుత్తి తీసి ఆడించింది.
"నేనిక్కడే పడుకుంటాను."
ఇంకేం బేరమాడలేదు నేను.

కానీ ఫారం.
పేరు, వయసు, ఊరు గబగబా రాసేశాను.
తర్వాతి గడి: సంబంధం.
భార్య, భర్త, కొడుకు, కూతురు, ఇతరులు.
ఇతరులు దగ్గర
పెన్ను ఆగిపోయింది.

ఫోన్ చేశాను.
అటునుంచి చాలాసేపు ఊపిరే వినిపించింది.
"ఏటే, అదీ నన్నే అడుగుతావా?
మొన్న దసరాకి తీసుకున్న నాలుగొందలు
ఇంకా ఇవ్వనేదు నువ్వు.
బాకీదారని రాయి."
నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగే వరకూ
ఫోన్ చెవికే పెట్టుకుని నిలబడ్డాను.

అదే రాశాను.
ఎస్తేరురాణి చదివి, నా మొహం చూసి,
ముద్ర వేసేసింది.

కిటికీ పక్క మంచం తనకి.
దాని పక్కన ఒక స్టూలు వేయించి
నా భుజం తన తలగడ ఎత్తుకి అందుతుందో లేదో
కూర్చుని చూశాను.
కొంచెం పొట్టి.
రేపొచ్చేటప్పుడు ఇంటినుంచి
పీట తేవాలి.