అదిగో పిట్ట

నర్సు డెనీస్ అడిగిన పదకొండు ప్రశ్నల్లో
అది తొమ్మిదోది.
కామెర్ల పరీక్షకీ, సర్టిఫికెట్లో పేరు స్పెల్లింగుకీ మధ్య
"బాబుకి సున్తీ చేయిస్తారా" అంది,
కాఫీలోకి పాలు కావాలా అన్నట్టు.

ఇన్సూరెన్సు ఇస్తుందట.
పది నిమిషాల పనట.
ఈ అంతస్తులో ఈ వారం పుట్టిన మగపిల్లల్లో
సగానికి పైగా ఆ గదికి వెళ్ళొచ్చినవాళ్ళేనట.
మేసన్, కోల్టన్, ఇంకో మేసన్.

నేను పెన్ను తీశాను.
కుట్లు సలుపుతున్నాయి, పాలు ఇంకా పడలేదు,
ఇన్ని కాగితాల్లో తేలిగ్గా తేలిపోయే పని
ఒక్కటి కనబడింది.
నంద్యాల నుంచి అత్త దస్తగిరమ్మ ముందే చెప్పింది ఫోన్లో:
"ఆడ మత్తిచ్చి చేస్తారంట గదమ్మా,
వొడుగులు కానిచ్చుకోని రాండి."

ఖాసిం వలి మాట్లాడలేదు.
కిటికీ కింద, టొలీడో మంచులో,
ఉప్పు చల్లే బండి పార్కింగంతా తిరుగుతోంది.
దాని పసుపు దీపం మా గోడ మీదికి వచ్చి పోతోంది.

"ఏడేండ్లప్పుడు," అన్నాడు చాలాసేపటికి,
"గుర్రమెక్కించినారు. మెడలో కనకాంబరాల దండ.
కొత్త లుంగీ నడుం మీద నిలవక
చేత్తో పట్టుకోనే ఊరంతా తిరిగినా.
ఇంటికొచ్చినాక బోర్లించిన రోలు మీద కూచోబెట్టి
మామ వెనకనించి కాళ్ళు పట్టుకున్యాడు.
మంగలి హుసేని పైకి చూపించి
అదిగో పిట్ట, బంగారు పిట్ట, అన్యాడు.
చూసినా."

"ఉందా?"

"దూలం ఉండాది.
దూలానికి మా నాయన దూదేకే విల్లు."

నవ్వితే కుట్లు లాగాయి.

తర్వాతది నవ్వుతూ చెప్పలేదు.
ఇరవై రెండేళ్ళకి, లారీలో డ్రైవరు పక్కన వస్తుంటే
చెక్‌పోస్టు కాని చోట ఆపారట రాత్రిపూట.
పేరడిగారు. పేరు చాల్లేదు.
తెలుగు మాట్లాడాడు. నమ్మలేదు.
లుంగీ విప్పమన్నారు.
తర్వాతేమైందని నేనడగలేదు.
మనిషి నా పక్కనే ఉన్నాడు కదా,
అది జవాబు కాదని తెలిసీ అడగలేదు.

"ఇక్కడెవరూ అడగరులే," అన్నాను.
"మేసన్‌కీ మనవాడికీ తేడాయే ఉండదు."

"అదే," అన్నాడు.

జీపుల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు లెక్కలు చూసే మనిషి.
పెద్ద మాటలు రావు.
"నొప్పి గుర్తుండాది నాకు. పిట్ట గుర్తుండాది.
మామ చేతుల బీడీ వాసన గూడా.
అయ్యన్నీ ఉండబట్టి అది నాది.
వీనికేం గుర్తుంటాది?
యాదే లేకుంటే అది ఎవరి గుర్తు?"

"ఏడేళ్ళకైతే ఏడుస్తాడు. నిన్ను తిడతాడు."
"తిట్టనీ."
"అప్పుడది పెద్ద ఆపరేషనట. డబ్బూ ఎక్కువేనట."
దానికి జవాబు లేదు.
"పైకి చూడు, పిట్ట, అని నువ్వూ అబద్ధమాడతావా?"
"లే. కిందికే చూడమంటా.
వొద్దంటే వొద్దు."

అత్తతో ఆ మాట ఎవరు చెప్పాలో
ఇద్దరం అనుకోలేదు.
నాకింకా పూర్తిగా ఒప్పుదల కాలేదు.
చారల దుప్పట్లో వాడు
ఇంకా మూయడం సరిగ్గా రాని పిడికిలిని
మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు.

ఆరింటికి డెనీస్ వచ్చింది.
"ఈరోజు కాదు," అన్నాడు ఖాసిం, ఇంగ్లీషులో, నెమ్మదిగా.
ఆమె ఎక్కడో ఒక గడిలో టిక్కు పెట్టుకుని
పదో ప్రశ్నకి వెళ్ళింది:
"కార్ సీటు ఉందా?"

ఉంది, అన్నాం
ఇద్దరం ఒకేసారి.