గాలి ఆడే గోడ

సొరంగం దాటేసరికి పొగమంచు.
ఫారో దీవుల్లో పదకొండు ఇళ్ల ఊరు,
పైకప్పుల మీద గడ్డి,
గడ్డి మీద వాన,
వానలో ఎవరిదో ఒక గొర్రె.

తలుపు కొట్టబోయాను.
"కొట్టేవాళ్లంతా పరాయివాళ్లు, లోపలికి రా"
అంది రాన్వా వంటింట్లోంచే.
ఆ తలుపుకి తాళం లేదు.
తాళంచెవి దూరే కన్నమూ లేదు.

బల్ల మీద లాప్‌టాప్, దాని మీద ఊలు ఉండ.
స్వెట్టరు అల్లికలన్నీ అందులోనే ఉన్నాయట,
వాళ్లమ్మ గళ్ల కాయితం మీద గీసుకున్నవి,
తను ఒక్కో గడీ లెక్కపెట్టి ఎక్కించినవి.
చేపల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్కేళ్లు
కత్తి పట్టిన వేళ్లు అవి.

"నీరసపడిపోయింది," అంది.
ఆన్ చేశాను.
కాఫీ మరిగింది, కప్పులోకి దిగింది, చల్లారింది.
అప్పటికి తెర మీద మొదటి బొమ్మ.

లోపల చూస్తే ముగ్గురు కాపలాదారులు.
కొన్ననాడు దుకాణం అంటగట్టినవాడు ఒకడు,
(నేనే అంటగట్టి ఉంటాను)
గడువు తీరి రెండేళ్లయినా కదలడు.
ఏటా నాలుగువందల క్రోనర్లు తినేవాడు ఒకడు.
ఉచితం కదా అని మేనల్లుడు పెట్టి వెళ్లినవాడు మరొకడు.
ఒకణ్ణి చూసి ఒకడు దొంగనుకుని
రాత్రింబగళ్లు తనిఖీలు.
కంచె చేను మేస్తుందని వినడమే,
మూడు కంచెలు కలిసి ఒకే చేను మేయడం
ఇదే చూడ్డం.

"నిజం చెప్పు బైనిర్,
ఇంట్లో వాడుకునే దానికి ఇది ఉండాలా అసలు?"

పదిహేడేళ్లుగా ఈ ప్రశ్నకి
బిల్లుని బట్టి జవాబిచ్చాను.
దుకాణంలో ఉన్నన్నాళ్లూ ఉండాలన్నాను,
డబ్బాకి నలభై క్రోనర్లు నాకు మిగిలేవి.
సొంతంగా మొదలెట్టాక అక్కర్లేదన్నాను,
అలా అంటే తెలివైనవాడిలా ఉంటుంది.

ఈసారి కిటికీలోంచి
ఆమె మాంసం ఆరబెట్టే కొట్టం చూపించాను.
పలకకీ పలకకీ మధ్య వేలు పట్టేంత సందు.
"ఆ సందులు మూసేస్తే?"
"కుళ్లిపోతుంది."
"ఇంకా వెడల్పు చేస్తే?"
"వాన కొడుతుంది. ఎలకలు."
కాసేపాగి, "సందు కొలత మా నాన్నకి తెలుసు," అంది.
అదే, అన్నాను.
మెషీన్‌తో పుట్టిన కాపలా ఒకటుంది, అది చాలు.
అప్‌డేట్ అడిగితే రేపు రేపు అనకు.
అల్లికలకి ఇంకో నకలు తీసి సొరుగులో పెట్టుకో.
నా పోలిక నాకే ముచ్చటేసింది.
ముగ్గురినీ సాగనంపాను.
ఫ్యాను గోల తగ్గింది.

అప్పుడామె ఊలు ఉండ చేతిలోకి తీసుకుంది.

"పోయిన ఫిబ్రవరిలో ఒకతను ఫోన్ చేశాడు.
మంచి డేనిష్. నెమ్మదైన గొంతు.
నీ కంప్యూటర్‌కి జబ్బు చేసిందన్నాడు.
నొక్కమన్నవి నొక్కాను.
బాణం గుర్తు దానంతటదే కదుల్తుంటే
పాపం, ఎంత ఓపికో అనుకున్నాను.
కాఫీ ఇవ్వలేకపోతున్నానే అని కూడా అన్నాను."

ఎంత, అని నేనడగలేదు.
ఆమె చెప్పలేదు.
"మూలనున్న ఆకుపచ్చ టిక్కు
ఆ గంటసేపూ అలాగే ఉంది.
మీరు క్షేమం అని."

ఇంటామె చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చినవాణ్ణి
ఏ కాపలావాడైనా చుట్టమనే అనుకుంటాడు.
డెబ్బై నాలుగేళ్లు
రా అనే మాట మీద బతికిన మనిషికి
ఎవర్నువ్వు అనడం నేర్పేది
ఏ డబ్బాలో వస్తుందో నాకు తెలీదు.
కొట్టం వైపు మళ్లీ చూశాను.
పోలిక పనిచెయ్యలేదు.

"ఎవరికీ చెప్పకు," అంది.
చెప్పనన్నాను.
ఇక్కడ పేరు మార్చాను.

డబ్బు వద్దంటే
ఎండిన గొర్రె తొడ కాయితంలో చుట్టి ఇచ్చింది.
కారెక్కబోతూ వెనక్కి చూశాను.
గడప దగ్గర నిలబడి ఉంది,
గొళ్లెం ఎక్కడ కొట్టాలా అన్నట్టు
తలుపు చెక్కని వేలితో తడుముతూ.

అంతలో పొరుగింటి ముసలాయన
టోపీలోంచి నీళ్లు కారుతూ వచ్చి
ఆమెని దాటుకుని లోపలికెళ్లి కూచున్నాడు.
కాఫీ ఉందా అన్నాడు కాబోలు.